పదిమందికి ఫిల్టర్ కాఫీ: ఇరుగుపొరుగుతో కలిసి డికాషన్ కుదుర్చుకోవడం ఎలా?

తిరుపతిలో కాపురముంటే ఇంటికి చుట్టాలు రావడానికి పండగే అక్కర్లేదు. దర్శనానికి వచ్చినవాళ్ళు తెల్లారుజామున బస్సు దిగి తలుపు తడతారు. కొండ దిగినవాళ్ళు రాత్రి రైలుకు ముందు ఒకసారి తొంగిచూసి వెళ్తారు. ఇద్దరమని ఫోన్లో చెప్పి ఆరుగురు వస్తారు. ఇలాంటి ఊళ్ళో కాఫీ బాగా కలపడం ఒక ఎత్తు, ఎంతమందికైనా ఒకే రుచి తెప్పించడం మరో ఎత్తు. రెండోదానికి కొలతలు కావాలి.

ఇరుగుపొరుగు మధ్య కాఫీ చిట్కాలు చేతులు మారేటప్పుడు జారిపోయేవి ఈ కొలతలే. "ఏముందక్కా, నాలుగు చెంచాల పొడి, గ్లాసు నీళ్ళు" అని పక్కింటావిడ చెబుతుంది. ఆ చెంచా ఎంతదో, గ్లాసు ఎంతదో చెప్పదు. ఆమె ఫిల్టర్ చిల్లులు, ఆమె కొనే పొడిలో చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) శాతం, ఆమె పాల చిక్కదనం మన ఇంట్లో ఉండవు. అదే మాట విని మనం చేస్తే రంగునీళ్ళు వస్తాయి. కాబట్టి అపార్టుమెంటులోనో వీధిలోనో నాలుగిళ్ళవాళ్ళు ఒక సాయంత్రం కూర్చుని, గ్రాములు, మిల్లీలీటర్లు పెట్టుకుని ఒకసారి చేసి చూస్తే ఆ తర్వాత ఎవరి వంటింట్లోనైనా అది తిరిగి వస్తుంది. ఆ సాయంత్రానికి కావలసింది కింద ఉంది.

ముందు లెక్క

ఒక గ్లాసు కాఫీకి 10 గ్రాముల పొడి, 35 మి.లీ. డికాషన్, 90 మి.లీ. పాలు. ఈ మూడూ గుర్తుంటే చాలు.

పది గ్లాసులకు 100 గ్రాముల పొడి, 550 మి.లీ. నీళ్ళు పడతాయి. పోసిన నీళ్ళన్నీ కిందికి దిగవు. పొడి తన బరువుకు దాదాపు రెండింతల నీళ్ళు పీల్చి పట్టుకుంటుంది. అంటే 550లో 200 మి.లీ. పైగిన్నెలోనే ఉండిపోయి, 350 మి.లీ. డికాషన్ దిగుతుంది. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. పది గ్లాసులకు 350 కావాలి కదా అని 350 నీళ్ళే పోస్తే దిగేది నాలుగు గ్లాసులకే సరిపోతుంది. తర్వాత ఆ పొడి మీదే మళ్ళీ నీళ్ళు పోసి దించిన పలచటి రెండో డికాషన్ చివరి గ్లాసులవాళ్ళకు దక్కుతుంది. ఎవరు ఆఖరున తాగారో వాళ్ళ ముఖం చూస్తే తెలిసిపోతుంది.

చిన్న ఫిల్టర్‌కు 30 గ్రాముల పొడి, 160 మి.లీ. నీళ్ళు, 100 మి.లీ. డికాషన్, మూడు గ్లాసులు. వంటింటి కాటా లేకపోతే 15 మి.లీ. టేబుల్ స్పూను తలగొట్టి తీస్తే సుమారు 5 గ్రాములు. పొడి నలుగుడును బట్టి ఇది కాస్త అటూ ఇటూ అవుతుంది. కూర్చునే సాయంత్రానికి మాత్రం ఎవరింట్లోనో ఉన్న కాటా తెచ్చుకోండి, రెండు నిమిషాల పని.

పొడి తెచ్చేటప్పుడు

నాలుగైదిళ్ళు కలిసి కొనడం వల్ల అసలు లాభం తాజాతనం. కాఫీ పొడి మరపట్టిన క్షణం నుంచే వాసన కోల్పోతుంది, రెండు వారాలు దాటితే తేడా ముక్కుకే తెలుస్తుంది. ఒక ఇల్లు అరకిలో కొని నెలంతా వాడేకంటే ఐదిళ్ళు కలిసి అరకిలో పట్టించుకుని తలా వంద గ్రాములు పంచుకుంటే ప్రతి వారమో పది రోజులకో కొత్త పొడి వస్తుంది.

కొట్లో అడగాల్సినవి మూడు. మొదటిది గింజ, ఇందులో అరబికా, రోబస్టా అని రెండు జాతులు. "ప్లాంటేషన్" అంటే పండు గుజ్జు కడిగి తీసి ఎండబెట్టిన అరబికా. "చెర్రీ" అంటే పండుతో సహా ఎండబెట్టి తర్వాత పొట్టు తీసిన గింజ, ఇది అరబికాలోనూ రోబస్టాలోనూ ఉంటుంది. కడిగిన రోబస్టాను "పార్చ్‌మెంట్" అంటారు. అరబికాది సువాసన, పులుపు తగిలే రుచి. రోబస్టాది చేదు, చిక్కదనం, పైగా కెఫీన్ దాదాపు రెట్టింపు. పాలలో కలిపే కాఫీకి మూడు వంతులు ప్లాంటేషన్, ఒక వంతు రోబస్టా మంచి మొదలు. పీబెర్రీకి ఎక్కువ డబ్బులు పెట్టమని కొట్టువాళ్ళు చెబుతారు. మామూలుగా పండులో రెండు గింజలు బల్లపరుపుగా ఉంటాయి, పీబెర్రీలో ఒకటే గుండ్రంగా ఉంటుంది. చూడముచ్చటే గానీ చికోరీ, పాలు, చక్కెర పడ్డాక ఆ తేడా కనిపెట్టేవాళ్ళు తక్కువ. ఆ డబ్బుతో అరకు అరబికా కొంచెం ఎక్కువ కొనుక్కోవడం మేలు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన రాష్ట్రం కాఫీ అది. దాన్ని చికోరీ లేకుండా ఒకసారి, కలిపి ఒకసారి రుచి చూడండి.

రెండోది చికోరీ. ఇది కాఫీ గింజ కాదు, ఒక మొక్క వేరును వేయించి పొడి చేసింది. కెఫీన్ ఉండదు. రంగు, చిక్కదనం, కారామెల్ లాంటి తీపిచేదు ఇస్తుంది. ప్యాకెట్ పొడి కొంటే కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అన్నది దాని మీద ముద్రించి తీరాలి, కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని నిబంధన. కొట్లో పట్టించేటప్పుడు ఆ శాతం మీరే చెప్పాలి. "మామూలుగా వేయండి" అంటే ఎంత పడిందో మీకు తెలియదు. ఇంట్లో రోజూ తాగడానికి 80:20 సరిపోతుంది. 60:40 పెళ్ళి భోజనాల దగ్గర చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ తక్కువ కాఫీతో ఎక్కువ రంగు కావాలి.

మూడోది నలుగుడు. "ఫిల్టర్‌కి" అని చెప్పండి. వేళ్ళ మధ్య రుద్దితే సన్నటి బొంబాయి రవ్వకంటే కాస్త మెత్తగా తగలాలి. మైదాలా మెత్తగా ఉంటే చిల్లులు మూసుకుపోతాయి. ఇంట్లో మిక్సీలో తిప్పితే సగం మెత్తటి దుమ్ము, సగం పలుకులు వస్తాయి. దుమ్ము చేదు దించుతుంది, పలుకులు రుచి వదలవు. గింజలు కొని మిక్సీ పట్టడం పొదుపని ఎవరైనా అంటే అందుకే నమ్మకండి.

మర నుంచి దిగిన పొడి వేడిగా ఉంటుంది. వెంటనే సీలు వేయించకండి. కవరు మూతి తెరిచి ఇంటికి తెచ్చి, పూర్తిగా చల్లారాక తడిలేని సీసాల్లో పోసి గట్టిగా మూత పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీస్తూ పెడుతూ ఉంటే, బయటి గాలికి సీసాలో చెమ్మ చేరి పొడి గడ్డకడుతుంది. అలమరలో, స్టవ్‌కు దూరంగా చాలు.

నీళ్ళ సంగతి

తిరుపతిలో కొన్ని వీధులకు కల్యాణి డ్యాము, తెలుగుగంగ నీళ్ళు, మరికొన్నింటికి బోరు నీళ్ళు. ఒకే పొడి, ఒకే ఫిల్టర్ పెట్టుకున్నా రెండిళ్ళ కాఫీ వేరుగా ఉండటానికి తరచూ ఇదే కారణం. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంటే అవి సున్నం ఎక్కువున్న నీళ్ళు. ఆ సున్నం కాఫీలోని పులుపును అణచి రుచిని చప్పబరుస్తుంది, ఫిల్టర్ చిల్లుల్లోనూ పేరుకుంటుంది. అలాగని ఆర్వో నీళ్ళు మాత్రమే పోస్తే మరీ తేలికైపోయి డికాషన్ పలచటి రుచి ఇస్తుంది. కుళాయి నీళ్ళు ఎక్కువ కఠినంగా ఉంటే సగం అవి, సగం క్యాను నీళ్ళు కలిపి వాడి చూడండి. కలిసి కూర్చున్న రోజు తలా ఒక సీసా తమ ఇంటి నీళ్ళు తెచ్చుకుంటే ఈ తేడా నాలుకమీదే తేలుతుంది.

డికాషన్ దించడం

ఫిల్టర్‌లో నాలుగు భాగాలు: చిల్లుల అడుగున్న పైగిన్నె, డికాషన్ పట్టే కింది గిన్నె, మధ్యలో కాడ ఉన్న చిల్లుల బిళ్ళ, మూత. పైగిన్నె తడిలేకుండా ఉండాలి. తడి ఉంటే పొడి అడుగున ముద్దకట్టి చిల్లులను కప్పేస్తుంది.

1. పొడి పైగిన్నెలో మూడో వంతుకు మించకూడదు. 100 గ్రాముల పొడి దాదాపు 270 మి.లీ. చోటు తీసుకుంటుంది కాబట్టి, పైగిన్నె 800 మి.లీ. పట్టేది కావాలి. అంత పెద్దది లేకపోతే రెండు ఫిల్టర్లలో 50 గ్రాముల చొప్పున వేయండి. నిజానికి ఇదే మంచి పద్ధతి, లోతు తగ్గి త్వరగా దిగుతుంది.

2. పక్కలు తట్టి పొడిని సమం చేయండి. బిళ్ళను పైన ఉంచి వేలితో ఒక్కసారి తేలిగ్గా అదమండి. బలం పెట్టి నొక్కకూడదు. నీళ్ళు ఒకేచోట పడి పొడిని గుంటచేయకుండా ఆపడమే బిళ్ళ పని.

3. నీళ్ళు తెర్లేదాకా కాచి స్టవ్ ఆపి అర నిమిషం ఆగండి. 92 నుంచి 96 డిగ్రీల మధ్య వేడి కావాలి. గోరువెచ్చటి నీళ్ళకు కాఫీ పులుపు మాత్రమే దిగుతుంది, చేదు, చిక్కదనం పొడిలోనే ఉండిపోతాయి. (కొండమీద ఎత్తువల్ల నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, తిరుమలలో చేసేవాళ్ళు ఆగకుండా వెంటనే పోయవచ్చు.)

4. మొదట పొడి తడిసేంత మాత్రమే పోయండి. 30 గ్రాములకు 40 మి.లీ. చాలు. అర నిమిషం ఆగండి. తాజా పొడి అయితే నురగతో పొంగుతుంది, అది వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న గాలి. ఆ గాలి పోకముందే నీళ్ళన్నీ కుమ్మరిస్తే పొడి పైకి తేలి, నీళ్ళు పక్కల నుంచి జారిపోతాయి.

5. మిగిలిన నీళ్ళు అంచు నుంచి మధ్యకు గుండ్రంగా పోసి మూత పెట్టండి. గిన్నెలో చోటు లేకపోతే రెండు విడతలుగా పోయవచ్చు, మొదటి నీళ్ళు పూర్తిగా ఇంకకముందే రెండోది పోయాలి.

6. 30 గ్రాములది పదిహేను ఇరవై నిమిషాల్లో, 100 గ్రాములది అరగంట నుంచి నలభై నిమిషాల్లో దిగుతుంది. తట్టడం, కదపడం చేయకండి. ఆఖరు చుక్కల కోసం బిళ్ళను నొక్కితే చేదు దిగుతుంది.

రాత్రి వేసి పొద్దున వాడుకోవడం తిరుపతి ఇళ్ళల్లో మామూలే. ఎండాకాలంలో మాత్రం దిగిన డికాషన్‌ను మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి ఒక రోజులో వాడేయండి. చల్లటి డికాషన్‌ను స్టవ్ మీద మళ్ళీ కాయకూడదు, వాసన ఎగిరిపోయి చేదు మిగులుతుంది. ఆ గిన్నెను వేడినీళ్ళ గిన్నెలో పది నిమిషాలు నిలబెట్టండి. ఎందుకంత శ్రమ అంటే లెక్క చూడండి: 95 డిగ్రీల పాలు 90 మి.లీ., గది వేడిలో ఉన్న డికాషన్ 35 మి.లీ. కలిస్తే 77 డిగ్రీలు వస్తుంది. ఫ్రిజ్ నుంచి తీసి నేరుగా పోస్తే 70. చల్లటి స్టీలు గ్లాసు కొంత లాక్కుని, తిరగబోసేటప్పుడు కొంత తగ్గి, చేతికి వచ్చేసరికి ఆ ఏడు డిగ్రీలే వేడి కాఫీకీ వెచ్చటి కాఫీకీ తేడా.

పాలు, తిరగబోయడం

చిత్తూరు వైపు సంకరజాతి ఆవులు ఎక్కువ, వాడుకగా పోయించుకునే పాలు చాలావరకు ఆవు పాలే. వాటికి నీళ్ళు కలపనక్కర్లేదు. ప్యాకెట్లలో ఫుల్ క్రీమ్‌లో 6 శాతం, స్టాండర్డైజ్డ్‌లో 4.5 శాతం, టోన్డ్‌లో 3 శాతం వెన్న ఉంటుంది. టోన్డ్ పాలకు ఎంత మంచి డికాషన్ పోసినా నోట్లో నిండదు. గేదె పాలైతే ఐదోవంతు నీళ్ళు కలపండి, లేకుంటే వెన్న కాఫీని మింగేస్తుంది.

పాలు ఒక్క పొంగు రాగానే వాడాలి. సన్నసెగ మీద గంటసేపు కాగుతూ ఉండే పాలకు మరిగిన వాసన, మీగడ తునకలు వస్తాయి. పదిమందికి లీటరు పాలు పెడితే 900 మి.లీ. కాఫీకి, మిగిలింది పొంగినప్పుడు పోయేదానికి, కాఫీ తాగని పిల్లలకు.

గ్లాసులో ముందు చక్కెర, దానిమీద డికాషన్, ఆపైన పాలు. డబరాలోకి, మళ్ళీ గ్లాసులోకి రెండు మూడుసార్లు తిరగబోస్తే చక్కెర కరిగి నురగ కడుతుంది. అరచేతి పొడవు ఎత్తు చాలు, హోటల్లో చేతులు చాచి పోసేది చూసేవాళ్ళకోసం. అందరికీ ఒకే గిన్నెలో కలిపేసి గ్లాసుల్లోకి వంచడం తేలికే గానీ, పదో గ్లాసు చల్లారుతుంది, చక్కెర వద్దనేవాళ్ళకు దారి ఉండదు. షుగరున్న పెద్దవాళ్ళు ఏ గుంపులోనైనా ఉంటారు. వాళ్ళను నోరు తెరిచి అడిగేలా చేయకుండా చక్కెర డబ్బా బల్లమీద విడిగా పెట్టడం మర్యాద.

మూడు ఫిల్టర్ల సాయంత్రం

ఎవరి చిట్కా సరైనదో తేల్చుకోవాలంటే మూడు చిన్న ఫిల్టర్లు పక్కపక్కన పెట్టండి. సాయంత్రం నాలుగు, ఐదు మధ్య కూర్చోండి, ఆలస్యమయ్యేకొద్దీ రాత్రి నిద్ర చెడే అవకాశం ఎక్కువ. మూడింటిలోనూ 30 గ్రాములు, 160 మి.లీ. ఒక్క విషయమే మారాలి. మొదటిరోజు చికోరీ మార్చండి: ఒకదాంట్లో లేకుండా, ఒకదాంట్లో 20 శాతం, మూడోదాంట్లో 40. చికోరీ లేనిది త్వరగా దిగి, రంగు పలచగా, కొంచెం పుల్లగా ఉంటుంది. 40 శాతానిది నల్లగా, ఆలస్యంగా దిగుతుంది, ఎందుకంటే చికోరీ నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. గ్లాసుల అడుగున గుర్తులు పెట్టి, ఎవరిదేదో చెప్పకుండా రుచి చూపించండి. "నాకు చికోరీ అస్సలు పడదు" అనేవాళ్ళే చాలాసార్లు 20 శాతం గ్లాసు ఎంచుకుంటారు. ఇంకోరోజు చికోరీ అలాగే ఉంచి నొక్కే బలం, లేదా నీళ్ళు మార్చండి. ఒకేసారి రెండు మారిస్తే ఏది రుచి మార్చిందో ఎవరికీ తెలియదు, మిగిలేది వాదన మాత్రమే.

ఎక్కడ చెడుతుంది

"మా ఫిల్టర్‌లో డికాషన్ దిగదక్కా" అనేది ఎక్కువగా వినబడే ఫిర్యాదు. వెంటనే పొడిని తప్పుపట్టకండి. పైగిన్నె కింది గిన్నెలో మరీ బిగువుగా కూర్చుంటే లోపలి గాలి బయటికి పోయే దారి ఉండదు, నీళ్ళు నిలబడిపోతాయి. పైగిన్నెను గోరంత ఎత్తి మళ్ళీ పెట్టండి. గాలి వదిలి డికాషన్ పారితే జబ్బు అదే. పారకపోతే చిల్లులు చూడండి. దీపానికి ఎదురుగా పట్టుకుంటే మూసుకున్నవి నల్లగా కనిపిస్తాయి. స్టీలు ఫిల్టర్ పైగిన్నెను నిమ్మ ఉప్పు ఒక చెంచా వేసిన వేడినీళ్ళలో అరగంట నానబెడితే సున్నం కరుగుతుంది. కాఫీ జిడ్డు పట్టినవి గుండుసూదితో ఒక్కొక్కటీ పొడవాలి. కొత్త ఫిల్టర్‌కు మిషను నూనె వాసన ఉంటుంది, వాడేసిన పిప్పి వేసి నీళ్ళలో మరిగించి, మొదటి డికాషన్ పారబోయండి.

అమ్మమ్మల ఇత్తడి ఫిల్టర్‌ను బయటికి తీయాలని ముచ్చటపడేవాళ్ళు ముందు లోపలి కళాయి (తగరం పూత) చూసుకోవాలి. పసుపురంగు కనబడుతోందంటే కళాయి పోయినట్టే. పుల్లటి డికాషన్ ఇత్తడిని తాకుతూ గంటలు నిలిస్తే లోహం దిగుతుంది. కళాయి వేయించాకే వాడాలి, అప్పుడైనా దిగగానే స్టీలు గిన్నెలోకి మార్చాలి.

చేదు ఎక్కువైతే పొడి మరీ మెత్తగా ఉండొచ్చు, మరీ ముదురుగా వేయించి ఉండొచ్చు, బిళ్ళ నొక్కి ఉండొచ్చు. ఐదు నిమిషాల్లో మొత్తం దిగిపోయి పలచగా ఉంటే పొడి పలుకుగా ఉంది, లేదా సమం చేయకుండా పోశారు. మంచి పొడి, మంచి పాలు ఉండి కూడా పాత నూనె వాసన వస్తే ఫిల్టర్ అడుగు మడతలో నిన్నటి జిడ్డు ఉంది.

బెల్లం కాఫీ చేసిచూపేవాళ్ళు జాగ్రత్త. చిత్తూరు బెల్లం ఇళ్ళలోకి పుష్కలంగా వస్తుంది కాబట్టి అడిగేవాళ్ళు ఉంటారు. బెల్లానికి సహజంగా కొంచెం పులుపు ఉంటుంది, తెర్లుతున్న పాలలో వేస్తే విరుగుతాయి. గ్లాసుకు రెండు చెంచాల తురుము డికాషన్‌లో కరిగించి నలక లేకుండా వడగట్టండి, పాలు స్టవ్ దించి రెండు నిమిషాలు ఆగాక కలపండి. కలిపాక మళ్ళీ వేడి చేయకూడదు. పొద్దుటి పాలే వాడండి, నిన్నటి పాలు ఎంత జాగ్రత్తపడినా మోసం చేస్తాయి.

ఇంటికి పంపేటప్పుడు

పొడి పంచేటప్పుడు సీసా మీద ఒక చీటీ అంటించండి: పట్టించిన తేదీ, గింజ, చికోరీ శాతం, 30 గ్రాములకు 160 నీళ్ళు. చుట్టాలున్న ఇంటికి కలిపిన కాఫీ ఫ్లాస్కులో పంపేకంటే డికాషన్ సీసాలో పోసి, పాలు వేరే ఫ్లాస్కులో పంపండి. కలిపిన కాఫీ గంట దాటితే రుచి మారిపోతుంది, విడివిడిగా ఉంటే తాగేముందు కలుపుకోవచ్చు. ఫ్లాస్కును ముందు వేడినీళ్ళతో కడిగి పోయాలి.

మిగిలిన పిప్పిని సింకులో కడగకండి, గొట్టం వంపులో చేరి గట్టిపడుతుంది. మల్లె, గులాబీ కుండీల మట్టిలో గుప్పెడు కలపవచ్చు. పైన మందంగా పరిస్తే మాత్రం పెచ్చులా కట్టి నీళ్ళు లోపలికి దిగనివ్వదు.